పోలమ్మత్త ఎడమ కన్ను

మా మేనత్త పోలమ్మకు రెండు నెలల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. బాగానే జరిగింది. ఎడమ కంటికి కూడా తొందరగా చేయించుకోమని డాక్టరు చెప్తే, ఆవిడ ఇంటికొచ్చి మంచమెక్కి కూర్చుని, చేయించుకోనంటే చేయించుకోనని మొండికేసింది. కారణం అడిగితే చెప్పిన జవాబు ఇది: "ఆపరేసన్ అయినకాడ్నించి లోకమంతా మన రవణ ఫోటోల మాదిరి ఉండాది. ఒక కంటితోనే పడలేకుండా ఉండా. రెండోదానిక్కూడానా?"

ఆ రవణను నేనే. పాతికేళ్ళుగా విజయవాడలో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఫోటోలు తీసి బతుకుతున్నాను. పెళ్ళికూతురి మేనమామ నుంచి వంటవాళ్ళ దాకా నా ఫోటోలకు వంక పెట్టని మనిషి లేడు. అలాంటి మాటలకు నా ఒళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయింది. కానీ కంటి డాక్టరు చేసిన పనికి నా మీద నింద పడటం మాత్రం ఇదే మొదలు.

నాకు ఫోన్ చేసింది అత్త కూతురు సుజాత. నెల్లూరులో కాపురం ఉంటుంది. "నవ్వబాక బావా. ఆ కంట్లో శుక్లం ముదిరిపోతా ఉండాదంట. ఇంకా ఆలస్యం చేస్తే ఏమైపోతాదోనని నాకు భయంగా ఉండాది. మేం చెప్తే వినటంలా. నీ ఫోటో పేరు చెప్పింది గాబట్టి నువ్వే వొచ్చి తేల్చు" అంది.

ఆ ఫోటో సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట అత్త ఇంటి పందిరి కింద నిలబడి, ఎదురుగా సముద్రం కనిపించేటట్టు తీసి, పెద్ద ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. ఎండలో పందిరి కింద నిలబడి బయటికి చూస్తే మన కన్ను లోపలి నీడనూ బయటి ఎండనూ రెంటినీ సర్దుకుంటుంది. కెమెరాకు ఆ సర్దుబాటు చేతకాదు. లోపల బాగా వస్తే బయట తెల్లగా పేలిపోతుంది, బయట బాగా వస్తే లోపల బొగ్గయిపోతుంది. అందుకని ఒకే దృశ్యాన్ని చీకటిగా ఒకసారి, మామూలుగా ఒకసారి, వెలుగ్గా ఒకసారి తీసి మూడింటినీ కంప్యూటర్‌లో కలుపుతాం. దాన్నే హెచ్‌డీఆర్ అంటారు. కలిపేటప్పుడు చెయ్యి కాస్త ఊరుకుంటే చక్కగా ఉంటుంది. నా చెయ్యి ఊరుకోలేదు. పందిరి వాసం మీది పగుళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు, ఆకాశం నీలిమందు కలిపినట్టు ఉంటుంది. దానికి నాకు ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో బోలెడు చప్పట్లు వచ్చాయి.

మాఘమాసంలో ఒక బుధవారం, పొద్దున ఆరింటికి విజయవాడలో చెన్నై వెళ్ళే పగటి బండి ఎక్కాను. సంచిలో కెమెరా, యాభై మిల్లీమీటర్ల లెన్సు, ట్రైపాడ్, ల్యాప్‌టాప్, ట్యాబు. ఆ పాత ఫోటో తీసిన వైడ్ లెన్సును మాత్రం ఇంట్లోనే వదిలేశాను. కోపం వస్తే మనుషుల మీదే కాదు, గాజుముక్కల మీద కూడా చూపించే గుణం నాది.

దక్షిణానికి వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ దొరకబుచ్చుకోవాలి, సూర్యోదయం అటే. బాపట్ల దాటాక మంచులోంచి ఎర్రటి ముద్ద లేచింది. కెమెరా తీసి రెండు ఫోటోలు తీశాను. ఎదురుసీట్లో కాలేజీ అమ్మాయి తన ఫోన్లోనూ తీసి, నా కెమెరా తెర వైపు తొంగిచూసింది. "మీ దాంట్లో ఆకాశం తెల్లగా వచ్చిందేంటి అంకుల్? నా ఫోన్లో చూడండి, మబ్బులు కూడా వచ్చాయి!" నిజమే, వచ్చాయి. ఇప్పటి ఫోన్లు ఆ మూడు ఫోటోల పని మనల్ని అడక్కుండానే చేసేస్తాయి. కానీ కిటికీలోంచి చూస్తే అక్కడ మబ్బులు లేవు, పల్చటి మంచుపొర ఉంది అంతే. ఆ మాట అందామనుకుని, తగువెందుకని ఇడ్లీ పొట్లం విప్పాను.

తొమ్మిదిన్నర ప్రాంతంలో కావలి. నేను పుట్టి పెరిగిన ఊరు. మా నాన్న పల్లె వదిలేసి ఇక్కడ ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. సెలవులు ఇస్తే చాలు, నన్ను అత్త దగ్గరికి తోలేసేవాడు. బండి ఆగిన రెండు నిమిషాలూ తలుపు దగ్గర నిలబడ్డాను. టీ మీద మనసు లేకపోయినా, ఆ ప్లాట్‌ఫారం మీది టీ అని ఒకటి కొనుక్కుని తాగాను. దిగి పలకరించడానికి ఇప్పుడక్కడ నాకెవరూ లేరు.

నెల్లూరులో దిగి ఆటోలో బస్టాండుకు వెళితే విడవలూరు బస్సు సిద్ధంగా ఉంది. పెన్న వంతెన, కోవూరు దాటాక రెండు పక్కలా పండుబారిన వరి. నా పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. ట్రైపాడ్ చూసి ఏం పని అని అడిగాడు. చెప్పాను.

"నిన్నగాక మొన్న ఒక పిల్లోడు మా చేను ఫోటో తీసి ఫోన్లో పెట్టినాడబ్బయా. కోతకొచ్చిన చేను. ఫోటోలో చూస్తే నాటేసి నెలైనట్టు పచ్చంగా ఉండాది. మా అల్లుడు అది చూసి, ఇంకా కోతకు రాలేదేంది మామా అని ఫోన్ చేసినాడు" అన్నాడు.

బస్సులో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నవ్వుతుంటే ఎక్కడో గుచ్చుకుంది.

విడవలూరులో షేర్ ఆటో. మనిషికి ముప్పై రూపాయలు, కెమెరా సంచికి కూడా సీటు కావాలంటే ఇంకో ముప్పై. దారికి అటూ ఇటూ రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే గాలిచక్రాలు. నా చిన్నప్పుడు ఇదంతా ఉప్పు నేల, మధ్యలో తాటిచెట్లు. కాలవ దాటాక ఇసక మొదలయ్యేది. నడిచి నడిచి కాళ్ళు పీకుతుంటే మా మామ నన్ను భుజాల మీద ఎక్కించుకునేవాడు. ఆయన తలలో కొబ్బరినూనె, ఉప్పు, చేప కలిసిన వాసన వేసేది. సరుగుడు తోపులోకి రాగానే, "ఇన్నావా ఆ హోరు?" అని ఆగేవాడు. ఆ హోరు సముద్రానిదో, సరుగుడు ఆకులదో నాకు తెలిసేది కాదు. ఇప్పుడూ ఆటో ఆపించి కాసేపు విన్నాను. ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు.

నేను చేరేసరికి పన్నెండున్నర. పందిరి కింద మంచం మీద కూర్చుని నెత్తళ్ళ చేపలు ఏరుతోంది అత్త. నన్ను చూడగానే కుడికంటి మీద అరచెయ్యి పెట్టుకుని, ఎడమ కంటితో తేరిపార చూసింది.

"అట్టనే ఉండావు రా" అంది ముచ్చటగా. తర్వాత చెయ్యి తీసి, ఎడమ కన్ను మూసుకుంది. "ఈ కంటితో చూస్తే ముసిలోడివి. గడ్డం గూడా నెరిసిందే! చూసినావా, ఇదీ దీని వరస."

లోపల గోడ మీద నేనిచ్చిన ఫోటో ఉంది, దాని మీద తువ్వాలు కప్పి. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏం అత్తా, కొట్టి చంపకూడదా నన్ను?"

"కోపం తెచ్చుకోబాక. కూడు తిన్నాక చెప్తా" అంది. మామిడికాయ వేసిన వంజరం పులుసు పెట్టింది. ఆ పులుసు ముందు ఎవరి కోపమైనా ఎంతసేపు నిలుస్తుంది?

భోజనం అయ్యాక తువ్వాలు తీసి, ఫోటోలోని తప్పులు ఒక్కొక్కటే చూపించింది. "ఈ పందిరి కింద నీడ యాడ రా? మనం కూసున్న చోటు సల్లంగా ఉండాలగదా, బయట మాదిరే మండిపోతా ఉండాది. మన సముద్రం ఎప్పుడంత దూరం పోయింది? ఈ పడవేంది, కడుపుతో ఉన్న బర్రె మాదిరి ఉబ్బింది?"

సముద్రం దూరం పోవడం, పడవ ఉబ్బడం వైడ్ లెన్సు పెడబుద్ధులు; దగ్గరివాటిని ఉబ్బిస్తుంది, దూరపువాటిని ఇంకా దూరం నెడుతుంది. నీడ పోవడం నా చేతిపని. మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

అప్పుడే నెల్లూరు నుంచి సుజాత కూడా దిగింది. అసలు సంగతి తను చెప్పింది. అత్త ముప్పై ఏళ్ళుగా ఒడ్డున వేలంపాటలో చేపలు కొని విడవలూరు తీసుకెళ్ళి అమ్ముతుంది. చేప మొప్ప ఎత్తి ఎరుపు చూసి తాజాదో కాదో చెప్పేస్తుంది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ పాటకు వెళ్ళిన మొదటి రోజే ఒక గంప కానాగంత చేపలు పాడుకుంది. నిగనిగలాడే మొప్పలు, ఎర్రటి ఎరుపు. తీరా చూస్తే నిన్నటి సరుకు. కొన్నవాళ్ళు మధ్యాహ్నానికల్లా వెనక్కి తెచ్చి నలుగురిలో నాలుగు మాటలన్నారు. అప్పటినుంచి అత్త ఒడ్డుకు వెళితే కుడి కంటికి పైట కప్పుకుని, ఎడమ కంటితోనే చేప చూస్తోంది.

"ఈ కొత్త కంటికి పాచిపోయింది గూడా ఎర్రంగానే కనపడతాది" అంది అత్త. "ఇదొకటి మడుసులకి, అదొకటి చేపలకి. రెండూ కొత్తవైపోతే నా గంప యాడ దించుకునేది?"

ఇంతవరకూ నాకు అర్థమైంది. శుక్లం పట్టిన కన్ను ఏళ్ళ తరబడి పసుపు అద్దంలోంచి చూసినట్టు చూస్తుంది. ఆ మసకలో కనిపించే మట్టిరంగు ఎరుపే తాజా ఎరుపని అత్త నేర్చుకుంది. అద్దం తీసేసేసరికి కొలత తప్పింది. కానీ సుజాత గిన్నెలు తోమడానికి లేచాక అత్త గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది.

"కొత్త కంటితో అద్దంలో చూసుకున్నా రా. ఎవరో ముసిలిది. భయమేసింది. సందేళ ఆ పడవల కాడ్నించి వొచ్చే దారి ఈ పాత కంటితో చూస్తా కూసుంటే, మీ మామ వల భుజానేసుకుని వొస్తా ఉండేటట్టే ఉంటాది. అదే దారి ఆ కంటితో చూస్తే ఉట్టి దారి. వాళ్ళు చెప్పినారని దీన్ని ఎట్టా తీయించుకునేది?"

మామ పోయి ఐదేళ్ళు. నాకు కళ్ళు చెమర్చాయి. కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నాను.

నాలుగున్నరకు పని మొదలుపెట్టాను. ఈసారి కంటికి కనిపించింది కనిపించినట్టే తీయాలని పంతం పట్టాను. అత్త మంచం పక్కనే, ఆవిడ కన్ను ఉన్న ఎత్తులో ట్రైపాడ్ నిలబెట్టి, యాభై లెన్సు వేశాను. ఆ లెన్సుతో సముద్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, పడవ పడవలాగే ఉంటుంది. అటు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఉప్పుగాలికి లెన్సు మీద పొర కడుతుంది. ప్రతి పావుగంటకూ మెత్తని గుడ్డతో తుడవకపోతే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. చీకటిగా, మామూలుగా, వెలుగ్గా మూడు తీసి, ల్యాప్‌టాప్‌లో కలిపి, ట్యాబులోకి పంపి, ఎదురుగా ఉన్న దృశ్యం పక్కనే పెట్టి అత్తకు చూపించాను.

"చూడు. దాన్నీ చూడు, దీన్నీ చూడు. తేడా ఎక్కడుందో చెప్పు. ముందు కొత్త కంటితోనే."

అత్త ఎడమ కన్ను మూసుకుంది. "నీడ ఇంకా నల్లంగా ఉండాది ఆడ." తగ్గించాను. "ఇసక మీద ఆ మెరుపు ఇంత లేదు." తగ్గించాను. "పడవ చుట్టూ తెల్లంగా గీత ఏంది?" అది నా పాత జబ్బు. అంచులు స్పష్టంగా రావాలని మరీ లాగితే వాటి చుట్టూ వెలుగు గీత వస్తుంది. చెరిపేశాను. ఎండ తగిలిన ఇసక అక్కడక్కడా తెల్లగానే వదిలేయమంది. ఎదురుగా చూస్తే నిజంగానే తెల్లగా ఉంది. పాతికేళ్ళుగా ప్రతి తెల్లమచ్చనూ పూడ్చడమే విద్య అనుకుంటున్నాను నేను. అరగంట గడిచాక, "ఇంక సరిగ్గుండాది, అదీ ఇదీ ఒకటే" అంది.

"ఇప్పుడు పాత కంటితో చూడు" అన్నాను. దానికి తగ్గట్టు పసుపు కలిపి, మసక కలిపి ఇంకో ఫోటో చేద్దామని సిద్ధంగా కూర్చున్నాను.

అత్త కుడి కన్ను మూసుకుని బయటికి చూసింది, ట్యాబులోకి చూసింది. మళ్ళీ బయటికి చూసింది. "దీనిక్కూడా సరిగ్గానే ఉండాది. ఏం మార్చబల్లేదు."

నేను నమ్మలేదు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అదే మాట. నేను బుర్ర గోక్కుంటుంటే, గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న సుజాత, "అంతే గదా బావా, ఆ కంటికి బయటా పసుపే, ఫోటో గూడా పసుపే" అంది. ఏ పసుపు అద్దంలోంచి చూసినా రెంటికీ ఒకే పసుపు అంటుకుంటుంది. పక్కపక్కన పెడితే ఏ కంటికైనా తీర్పు ఒకటే. తేడా ఎప్పుడొస్తుందంటే, ఎదురుగా ఉన్నదాన్ని మనసులో దాచుకున్నదానితో పోల్చినప్పుడు. నేను ఇంటికెళ్ళి, ఏసీ గదిలో కూర్చుని, జ్ఞాపకంతో పోల్చి రంగులు దిద్దేవాణ్ణి. అత్త ఒక్క చేపనే చేతిలో పట్టుకుని, మనసులోని పాత ఎరుపుతో పోల్చింది. ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం.

ఆ మాట చెప్తే అత్త, "పొద్దున చూద్దాం" అని మాత్రం అంది.

గురువారం తెల్లవారి పడవలు వచ్చేసరికి ముగ్గురం ఒడ్డున ఉన్నాం. వల దులుపుతుండగానే అత్త ముందుకెళ్ళి, ఇంకా కొట్టుకుంటున్న కానాగంతనొకదాన్ని అడిగి తీసుకుంది. దాన్ని ఎడం చేత్తో పట్టుకుని పాట దగ్గరకు వచ్చింది. కుడి కంటి మీది పైట తీసేసి, ఎడమ కన్ను మూసుకుని, కొత్త కంటితోనే గంపల్లోని చేపల మొప్పలు ఎత్తి చూడటం మొదలుపెట్టింది. ఒక్కొక్క చేపనూ చేతిలోని దాని పక్కన పెట్టి చూస్తోంది. ఇక్కడ తప్పితే ఆవిడ ఇంక జన్మలో ఆసుపత్రి గడప తొక్కదని నాకు తెలుసు.

రెండు గంపలు ఊఁ అంది. మూడో గంప దగ్గర ఆగింది. పైవి బాగున్నాయి. చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి ఒకటి లాగి, చేతిలోదాని పక్కన పెట్టింది.

"ఇది నిన్నటిది" అంది.

పాట నడిపే శీనయ్య, "ఏందత్తా, ఇప్పుడే గదా దించింది! కొత్త కంటికి అట్టా కనపడతా ఉండాదేమో" అన్నాడు.

"పైన ఇయ్యాలవి, కింద నిన్నటివి. వాసన చూసి చెప్పు, పో."

శీనయ్య వాసన చూశాడు. గంప తెచ్చినవాణ్ణి చూశాడు. వాడు నవ్వి తల గోక్కున్నాడు. "అత్తకు కన్నొచ్చింది రో!" అని శీనయ్య కేకేస్తే ఒడ్డంతా నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు. మొదటి రెండు గంపలూ పాడుకుని, నీళ్ళంచున చేతులు కడుక్కుంటూ, "రేపు పోదాం పా" అంది. సుజాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం అత్త పందిరి కింద కుడి కన్ను మూసుకుని పడవల దారి వైపే చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "ఇది పోతాది గదా రా" అంది.

"పోతుందత్తా."

"నీ మిషన్లో పెట్టలేవా, ఇది ఎట్టా కనపడతా ఉండాదో?"

పెట్టొచ్చు, అడ్డంగా పోలిస్తే. పాత కంటితో బయటికి చూడాలి, కొత్త కంటితో ట్యాబులోకి చూడాలి. అలా ఒక్కొక్క కన్నే తెరుస్తూ రెండూ ఒకటయ్యేదాకా చెప్పమన్నాను. "ఇంకా పసుపు" అంది. పోశాను. "ఇంకా మసక." కలిపాను. "ఆ ఎండ తగిలేకాడ చెదిరినట్టుంటాది, పడవ చుట్టూ వెలుగు కారినట్టుంటాది." నిన్నంతా చెరిపిన ఆ వెలుగు గీతలను ఈరోజు చేతులారా మళ్ళీ గీశాను. వెలుగు పడిపోయేలోపు పూర్తి చేయాలని హడావుడి పడుతున్నాను. పొద్దు దిగిపోతుండగా అత్త, "అదే. అచ్చం అట్టనే. ఇంక ముట్టుకోబాక" అంది. తెర మీద ఉన్నదాన్ని నా గ్రూపులో పెడితే నవ్విపోతారు. చింతపండు నీళ్ళలో ముంచి తీసినట్టుంది.

శుక్రవారం పొద్దున్నే ఆటో, తర్వాత బస్సు. అత్త కిటికీ పక్కన కూర్చుని దారంతా ఒక కన్ను మార్చి ఒక కన్ను మూసి చూస్తూనే ఉంది. నెల్లూరు ఆసుపత్రిలో మధ్యాహ్నానికి ఆపరేషన్ అయిపోయింది. ఆవిడను సుజాత ఇంటికి చేర్చి, నేను స్టేషను దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది చిన్నది, దుప్పటి శుభ్రంగా ఉంది, నీళ్ళు వేడిగా వచ్చాయి. నాకు అంతకన్నా అక్కర్లేదు.

శనివారం పొద్దున కట్టు విప్పేటప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. అత్త కాసేపు రెప్పలల్లార్చింది. కుడి కన్ను మూసి చూసింది, ఎడమ కన్ను మూసి చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది.

"రెండూ ఒకటే అయిపోయినాయి రా" అంది. "ఏది కొత్తదో తెలవటంలా." సంతోషంగా అందో, దిగులుగా అందో నాకు తెలియలేదు.

మూడు దాటాక విజయవాడ బండి. ఈసారి కుడివైపు కిటికీ. నాలుగు రోజుల్లో నేను తీసిన ఫోటోలు ల్యాప్‌టాప్‌లో తిరగేస్తున్నాను. పందిరి, పడవలు, పాట. ఎక్కడా గొప్పగా లేవు, అన్నీ అక్కడ నిలబడి చూసినట్టే ఉన్నాయి. ఆ పసుపు ఫోటో రాగానే పక్కనున్నాయన, ఒంగోలు వెళ్ళే పొగాకు వ్యాపారి, వంగి చూశాడు.

"లెన్సు తుడవలేదాండీ? పోయిందే ఇది, తీసేయండి."

"ఉండనివ్వండి" అన్నాను.

నాకు ఆ తీరంలో ఎన్నో సాయంత్రాలు గుర్తున్నాయి. ఉప్పు నేల, తాటిచెట్లు, మామ భుజాలు, అన్నీ బంగారు రంగులోనే గుర్తున్నాయి. నిజంగా అలా ఉండేవో లేదో చెప్పలేను, పక్కన పెట్టి చూడటానికి అవి లేవు. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఇంతే. ఇంక మీదట ఏ ఫోటో అయినా తీసినచోటే కూర్చుని దిద్దాలి, ఇంటికొచ్చాక చేతులు కట్టుకోవాలి.

సింగరాయకొండ దాటాక సుజాత ఫోన్. "బావా, ఆ పాత కన్ను ఫోటో పంపు. ఎట్టుండిందో జ్ఞాపకం రాటంలా అని ఒకటే గోల చేస్తా ఉండాది అమ్మ."

పంపాను. కాసేపటికి అత్తే మాట్లాడింది. "ఒరే, ఇదేనా?"

"అదే అత్తా. నువ్వు దగ్గరుండి చేయించిందే."

"ఇంత మసగ్గానా నేను చూస్తా ఉండింది!" నవ్వబోయి ఆగిపోయింది. "అయితే మీ మామను గూడా ఇట్టనే చూసినానా, కడాన?"

అబద్ధం చెప్పడానికి నోరు రాక, "అవునత్తా" అన్నాను.

"ఆయన ఫోటో ఉండాదా నీ కాడ? పోయే ముందరిది."

ఉంది. ఆయన పోయిన ఏడే సుజాత ఇంటి గృహప్రవేశంలో తీసింది. వెతికి తెరిచాను. షామియానా అంచున నిలబడి నవ్వుతున్నాడు. ముఖం సగం ఎండలో, సగం నీడలో ఉంది. నీడలో ఉన్న సగాన్ని కాస్త ఎత్తుదామని అలవాటుగా చెయ్యి వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. కెమెరాలో ఎలా పడిందో అలాగే పంపించాను.

ఒంగోలు వచ్చింది. పొగాకు వ్యాపారి దిగిపోయాడు. బండి కదిలాక ఫోన్ మోగింది. అటునుంచి ముందు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"జుట్టు ఇంత తెల్లంగా ఉండిందా రా ఆయనకు? బుగ్గలు గూడా లోపలికి పోయినాయే! ఇన్నాళ్ళూ నా ఒక్కదానికే వొయసు మీద పడిందనుకుంటా ఉండా" అంది అత్త. "ఆయనా ముసిలోడైనాడు రా, నాతోపాటే."